కొండెక్కితే నీళ్లుండాలి

తమిళనాడు ధర్మపురి జిల్లా చెట్టికరైలో పొద్దున్నే బయలుదేరితే హరూరు మీదుగా తీర్థమలై చేరి, కొండెక్కి, రామతీర్థం ధార కింద తడిసి, దిగివచ్చి, చీకటి పడేలోపు మళ్లీ ఇల్లు చేరుకోవచ్చు. ఆ దారిలో మామిడి తోటలున్నాయి, చింతచెట్లున్నాయి, కిక్కిరిసిన బస్టాండ్లున్నాయి. వాటికి ఈ ఒక్క వాక్యం చాలు. నేను రాయడానికి కూర్చున్నది ఆ కొండ మీది నీళ్ల గురించి. బండ నెర్రెలోంచి పల్చగా రాలిపడే ఆ ధార కింద నిలబడిన ఎవరికైనా ఒక సంగతి తెలిసివస్తుంది: ఇంతసేపూ ఎక్కింది కొండను చూడటానికి కాదు, ఈ నీళ్ల కిందికి రావడానికి. నడక, స్నానం రెండు వేర్వేరు పనులని ఇప్పటి ప్రయాణ పుస్తకాలు అనుకుంటాయి. ట్రెక్కింగ్‌కు ఒక అధ్యాయం, తీర్థయాత్రకు ఇంకొకటి, ఆరోగ్య స్నానాలకు మరొకటి రాస్తాయి. నా లెక్కలో నడకా స్నానమూ ఒకటే పని. ఆ పని గొప్పతనం నీళ్ల వేడిలో లేదు, కొండ ఎత్తులోనూ లేదు. ఎక్కి అలసినవాడిని నీళ్ల దగ్గరికి ఎలా చేరుస్తాం, తడిసినవాడిని ఎలా సాగనంపుతాం అనే ఏర్పాటులో ఉంది. మనకు కొండలున్నాయి, నీళ్లున్నాయి. ఆ ఏర్పాటును మాత్రం సగంలో వదిలేశాం.

ఈ మాట చెప్పడానికి జపాన్‌ను సాక్ష్యానికి పిలవక తప్పదు, ఎందుకంటే ఈ పనిని లోకమంతా మెచ్చేలా చేసి చూపించింది వాళ్లే. టోక్యోలో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లను ఆదివారం ఎక్కడికి వెళ్లారని అడిగితే చాలామంది చెప్పే పేరు టకావో కొండ. నగరానికి పడమటి అంచున ఉంటుంది. ఎత్తు 599 మీటర్లే, మన లెక్కలో ఒక మోస్తరు గుట్ట. షింజుకులో రైలెక్కితే గంట తిరగకుండానే కొండ పాదం దగ్గర దింపుతుంది. నడవలేనివాళ్లకు 1927 నుంచే తాళ్లతో లాగే బండి ఉంది. దారి మధ్యలో 744లో స్థాపించారని చెప్పే యకువో-ఇన్ ఆలయం, పైన ఆకాశం తేటగా ఉంటే ఫుజి పర్వత దర్శనం, కిందికి వచ్చాక స్టేషన్ పక్కనే 2015లో తెరిచిన వేడినీటి స్నానశాల. ఎక్కడం, దిగడం, మునగడం, ఒక గిన్నెడు సోబా నూడుల్స్ తినడం, రైలెక్కి ఇంటికి పోవడం. ఆ రోజు కార్యక్రమం అంతే. ఇందులో సాహసం లేదు, పుణ్యం కూడా పెద్దగా లేదు. అయినా ఏటా లక్షల మంది ఇదే చేస్తారు. వాళ్లకు టకావో విసుగు పుట్టకపోవడానికి కారణం కొండ కాదు, ఆ పూట మొత్తం ఒక వరుసలో అమరి ఉండటం.

ఆ వరుసే తీర్థమలైలోనూ ఉంది, మనం గుర్తించం గానీ. స్థలపురాణం తెలుగువాళ్లకు కొత్తదిగా తోచదు. రావణవధ తర్వాత రాముడు శివపూజ తలపెట్టాడు. కాశీ నుంచి గంగాజలం, పూలు తెమ్మని హనుమంతుణ్ణి పంపాడు. రామేశ్వరంలో లింగం తేవడంలో ఆలస్యమైనట్టే ఇక్కడ నీళ్లు తేవడంలోనూ హనుమంతుడికి ఆలస్యమైంది. పూజవేళ దాటిపోతోందని రాముడు కొండ మీదికి బాణం వేస్తే నీళ్లు ఊరాయి. అదే రామతీర్థం. వెనకపడి వచ్చిన హనుమంతుడు తాను తెచ్చిన నీళ్లను కోపంతో విసిరేస్తే అవి దక్షిణ పినాకిని ఒడ్డున పడ్డాయి. ఊత్తంగరై దారిలో, తమిళులు తెన్‌పెణ్ణై అనే ఆ నది పక్కన ఉన్న హనుమంతీర్థం అదే. కథ సరే, నన్ను ఆకట్టుకున్నది దాని వెంట వచ్చిన ఆచారం. ముందు నదిలో హనుమంతీర్థంలో మునిగి, ఆ తర్వాతే కొండెక్కి రామతీర్థం కిందికి రావాలట. కొండ మీద రాముడిది కాక అగస్త్య, గౌరి, కుమార, అగ్ని తీర్థాలు కూడా ఉన్నాయి గానీ, జనం తడవడానికి ఆగేది ఎక్కువగా రామతీర్థం దగ్గరే. ఒంటి దుమ్ము నదిలో వదలాలి, ఒంటి అలసట కొండ మీద వదలాలి. జపాన్ స్నానశాలలో మొదటి నియమం సరిగ్గా ఇదే. గోడవార చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్లు రుద్దుకుని, నురగంతా కడుక్కుని, ఆ తర్వాతే అందరూ దిగే తొట్టిలో కాలు పెట్టాలి. తొట్టి ఉన్నది శుభ్రపడటానికి కాదు, శుభ్రపడినవాడు కూర్చోవడానికి. రెండు స్నానాల మధ్య వాళ్లు పీట వేశారు, మనవాళ్లు నదికీ కొండకీ మధ్య ఉన్న మైళ్ల దారి వేశారు. ఆలోచన మాత్రం ఒక్కటే.

ఇక్కడ ఎవరైనా అడ్డుపడతారని తెలుసు. జపాన్‌వి వేడినీటి ఊటలు కదా, తీర్థమలైది చన్నీళ్ల ధార, ఆవిరి లేని చోట పోలికేమిటి అంటారు. దీనికి జపాన్ చట్టమే జవాబిస్తుంది. 1948లో చేసిన ఊటల చట్టం ప్రకారం, భూమిలోంచి పైకి వచ్చేచోట 25 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించి వేడి ఉన్న నీరు వేడినీటి ఊట కిందికే వస్తుంది. అంత వేడి లేకపోయినా, చట్టం జాబితా కట్టిన 19 పదార్థాల్లో ఏ ఒక్కటి చెప్పిన మోతాదులో ఉన్నా చాలు. టోక్యో నేలలో 25 డిగ్రీలంటే విశేషమే. ధర్మపురి మైదానంలో? భూగర్భజలం వేడి సుమారుగా ఆ ఊరి ఏడాది సగటు వేడిని అంటిపెట్టుకుని ఉంటుంది. మన వైపు ఆ సగటు 25 దాటే ఉంటుంది గనుక, జపాన్ అధికారి ఎవరైనా థర్మామీటరు పట్టుకుని ఇటు వస్తే చెట్టికరై చుట్టుపక్కల వ్యవసాయ బావుల్లో చాలావాటికి వేడినీటి ఊట అని పలక రాసిపెట్టి పోవలసి వస్తుంది. కొండ మీది ధార ఇంకొంచెం చల్లగా ఉండొచ్చు. అయినా ఒంటికి హాయినిచ్చేది డిగ్రీ కాదు, తేడా. మంచు రాలే కొండ దిగినవాడికి 41 డిగ్రీలు స్వర్గం. మే నెల ఎండలో బండరాయి మెట్లెక్కినవాడిని అదే తొట్టిలో కూర్చోబెడితే శిక్ష. నంద్యాల దగ్గర మహానంది కోనేరును చూసినవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. ఆ నీళ్లు వేసవిలో చల్లగా, చలికాలంలో గోరువెచ్చగా ఉంటాయని తరతరాలుగా మురిసిపోతున్నాం. నిజానికి నీళ్లు పెద్దగా మారవు, గాలి మారుతుంది. ఊటనీరు ఏడాది పొడుగునా దాదాపు ఒకే వేడితో వస్తుంది కాబట్టి జనవరిలో వెచ్చగా, మేలో చల్లగా మన ఒంటికి తోస్తుంది. అసలు సిసలు వేడినీళ్లే కావాలనేవారికి తెలుగునేల మీద కొరత లేదు. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తోడితే వేడినీళ్లు ఊరతాయి. మణుగూరు దగ్గర పగిడేరులో బోరులోంచి తన్నుకొచ్చే వేడినీటితో సింగరేణి సంస్థ చిన్న విద్యుత్ యంత్రం నడిపి చూసింది. అయినా ఆదివారం పూట ఒక కొండ నడిచి, గుండాల ఇసుకలో కూర్చుని ఇంటికి పోదామనే అలవాటు ఖమ్మంలో గానీ కొత్తగూడెంలో గానీ పుట్టలేదు. వేడే కారణమైతే పుట్టి ఉండాలి కదా.

రెండో అభ్యంతరం మొదటిదానికంటే బరువైనది. జపాన్‌వాళ్లది సరదా, మనది భక్తి. తీర్థమలై ఎక్కేవాడు తీర్థగిరీశ్వరుణ్ణి, వడివాంబికను చూడటానికి ఎక్కుతాడు, స్నానం పూజలో భాగం, దాన్ని వినోదంతో కలపడం అపచారం అని. ఈ మాట అనేవారు జపాన్‌ను సగమే చూశారు. యమగాత రాష్ట్రంలో యుదోనో అనే కొండ ఉంది. అక్కడ పూజలందుకునేది విగ్రహం కాదు, వేడినీరు పారే ఎర్రటి బండ. భక్తులు చెప్పులు విప్పి దాని మీద నడుస్తారు. అక్కడ చూసింది బయట చెప్పకూడదనే కట్టుబాటు ఇప్పటికీ ఉంది. 1689లో అటు వెళ్లిన బషో అంతటి కవి కూడా ఆ కట్టుబాటుకు తలవంచి వివరాలు రాయలేదు. కుమానో కొండల్లో యునోమినె అనే చిన్న ఊరిలో వాగు పక్కన చెక్కగదిలో త్సుబోయు అనే ఊట ఉంది. పూర్వం కుమానో ఆలయాలకు పోయే యాత్రికులు అక్కడి ఊటల్లో మునిగి ఒళ్లు శుద్ధి చేసుకునేవారు. 2004లో యునెస్కో ఆ యాత్రామార్గాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఆ స్నానపు గదినీ చేర్చింది. అంతటి పవిత్ర స్థలంలోకి ఇవాళ ఎవరైనా డబ్బు కట్టి, వంతు వచ్చేదాకా ఆగి, అరగంట మునిగి రావచ్చు. అక్కడ మునిగినవాడు భక్తుడా, విహారయాత్రికుడా అని తలుపు దగ్గర ఎవరూ అడగరు. టకావో కొండనే మళ్లీ చూడండి. కింద స్టేషన్ పక్కన వేడినీటి తొట్టెలుంటే, కొండ మలుపుల్లో బివా, జా అనే రెండు చిన్న జలపాతాలున్నాయి. తెల్లబట్టలు కట్టుకున్న సాధకులు మంత్రం జపిస్తూ ఆ చన్నీళ్ల కింద నిలబడతారు. రామతీర్థం కింద చేతులు జోడించి నిలబడే మనిషికీ వాళ్లకూ నాకు తేడా కనిపించదు. ఒకే కొండ తపస్సునూ సరదానూ మోయగలదు, ఏది ఎక్కడో ముందే ఏర్పరిచి పెడితే.

పైగా మన భక్తి అంత పొడిగా ఎప్పుడూ లేదు. ఒంటి హాయిని పుణ్యం పేరుతో అనుభవించడం మనకు పాత విద్య. తిరుమల శేషాచలం అడవుల్లోని తీర్థ ముక్కోటులే ఇందుకు సాక్ష్యం. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం. పాపవినాశనం దాటాక అడవిదారి పట్టి, బండలెక్కి, వాగులు దాటి, లోయ చివర నీళ్లలో మునిగి, అదే దారిన తిరిగివస్తారు. దానికి కొండనడక అనే పేరు పెట్టలేదు గానీ అది అచ్చంగా పగటిపూట కొండనడకే. దేవస్థానం దారి పొడుగునా మంచినీళ్లు, మజ్జిగ, అన్నప్రసాదాలు పెడుతుంది. గుండెజబ్బులు, ఆయాసం ఉన్నవాళ్లను రావద్దంటుంది. అటవీశాఖ, పోలీసులు వెంట ఉంటారు. తిరుమల వెంకటేశ్వరుణ్ణి ఏడాదికి నాలుగుసార్లు చూసేవాడు కూడా తుంబురు తీర్థం గురించి చెప్పేటప్పుడు స్వరం మారుస్తాడు. ఆ మార్పు పుణ్యం వల్ల వచ్చిందా, ఒంటి నొప్పుల మీద చన్నీళ్లు పడ్డందువల్ల వచ్చిందా అని విడదీయబోవడం వృథా. అడవి దెబ్బతినకుండా ఏడాదికి ఒక్కో తీర్థానికి ఒక్క పండుగ వేళే దారి తెరుస్తున్నారు, అది మంచిదే. కానీ ఆ ఒక్కరోజు ఏర్పాటు ఎంత బాగుంటుందో చూశాక, తీర్థమలై వంటి చోట్ల ఏడాదంతా దారి తెరిచి ఉండి కూడా అందులో నాలుగోవంతు ఎందుకు కనిపించదని అడగాలనిపిస్తుంది.

ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో చూడాలంటే హనుమంతీర్థం దాకా పోతే చాలు. దక్షిణ పినాకిని కర్ణాటకలో నంది కొండల వైపు పుట్టి, బెంగళూరు తూర్పు అంచును ఒరుసుకుంటూ హోసూరు దగ్గర తమిళనాడులోకి దిగుతుంది. బెంగళూరు చెరువుల మురుగు, సబ్బునీళ్లు, ఫ్యాక్టరీల నీళ్లు ఆ దారిలోనే దాంట్లో కలుస్తాయి. హోసూరు దగ్గరి కెలవరపల్లి జలాశయం నుంచి తెల్లటి నురగ పొంగి పొలాల మీదికి, రోడ్ల మీదికి వచ్చిన దృశ్యాలు ఎన్నో ఏళ్లుగా పత్రికల్లో చూస్తున్నాం. కృష్ణగిరి ఆనకట్ట దాటి ఊత్తంగరై వైపు వచ్చేసరికి కొంత తేరుకుంటుందేమో గానీ, ముందు నదిలో ఒళ్లు కడుక్కోమన్న పెద్దల వరుసను పాటించడానికి ధైర్యం కావాలి. రామతీర్థం మాత్రం తేటగానే ఉంది. కారణం మహిమ అనేవారితో నాకు తగువు లేదు. కానీ కంటికి కనిపించే కారణం ఒకటుంది. ఆ ధారకు నీరిచ్చే నేల మొత్తం ఆ కొండే. పైన ఊరు లేదు, మిల్లు లేదు, అపార్టుమెంటు లేదు. వానపడితే చెట్ల వేళ్ల మధ్య నుంచి రాతి నెర్రెల్లోకి ఇంకి, మెల్లగా కిందికి జారి, నెర్రె బయటపడ్డ చోట రాలుతుంది. ధర్మపురి నేలంతా కోట్ల ఏళ్ల గట్టి రాయి. ఇసుకనేల నీళ్లను దాచుకున్నట్టు రాయి దాచుకోలేదు, దాని పగుళ్లే దాని కుండలు. కాబట్టి కొండ మీద చెట్టు కొట్టినా, రోడ్డు కోసం బండ పేల్చినా తగిలేది ఆ పగుళ్లకే. జపాన్‌లో కొత్తగా ఊట కోసం బోరు వేయాలంటే రాష్ట్ర గవర్నరు అనుమతి తప్పనిసరి అని ఆ 1948 చట్టమే చెబుతుంది. పక్క ఊటకు దెబ్బ తగిలేలా ఉంటే అనుమతి ఇవ్వక్కరలేదు. మన దగ్గర కొండ పాదంలో ఎవరి బోరు ఎంత లోతు పోయినా పై ధారను తలచుకునేవాడుండడు.

నీళ్ల గురించి ధర్మపురి వాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు నిజానికి. ఈ జిల్లా భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. పళ్లు పసుపు మచ్చలు పట్టి, ఎముకలు వంగిన మనుషులు ఈ ప్రాంతపు పల్లెల్లో ఎందరో. నల్లగొండ వాళ్లకు ఈ బాధ వివరించక్కరలేదు. అందుకే హొగెనక్కల్ జలపాతం దగ్గర కావేరి నీళ్లు తోడి ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు ఇచ్చే పథకం వచ్చింది. 2008లో శంకుస్థాపన, 2013లో నీళ్లు. ఖర్చు 1,900 కోట్ల పైచిలుకు. అందుకు అప్పు ఇచ్చింది జపాన్. అంటే టకావో కొండ దిగి వేడినీళ్లలో కూర్చునే ఆసామి కట్టిన పన్నుకూ, ధర్మపురి పల్లెలో కుళాయి కింద నిండే బిందెకూ ఎక్కడో దూరపు లంకె ఉంది. పైపులు వేయడానికి అప్పు తెచ్చుకోవడంలో తప్పు లేదు. స్నానం చేయించే మర్యాదను తెచ్చుకోవడానికి అప్పు కూడా అక్కరలేదు.

ఆ హొగెనక్కలే మూడో అభ్యంతరానికి దారి తీస్తుంది. ఏర్పాటు అంటూ మొదలుపెడితే టిక్కెట్టు వస్తుంది, కాంట్రాక్టరు వస్తాడు, దుకాణాలు వస్తాయి, చివరికి కొండ పోతుంది, కాబట్టి ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేయండి అనేవారున్నారు. వాళ్ల భయం అర్థమయ్యేదే. హొగెనక్కల్‌లో నూనె మర్దనావాళ్లు, చేపలు వేయించే బండ్లు, పుట్టి నడిపేవాళ్లు, ప్లాస్టిక్ సీసాలు అన్నీ కలిసి ఒక తిరనాళ్లలా ఉంటుంది. అయినా నాకు హొగెనక్కల్ మీద చాలామందికి ఉన్నంత చిన్నచూపు లేదు. బండ మీద పడుకోబెట్టి నడుం మీద నూనె పోసి పిడికిళ్లతో దంచి, ఇక జలపాతం కిందికి పో అని లేపే ఆ మర్దనావాళ్లు తెలిసిన పనివాళ్లు. ఏ కండరం పట్టేసిందో వేలితో కనిపెట్టగలరు. ఖరీదైన హోటళ్లలో మెత్తటి సంగీతం పెట్టి చేసే మర్దన కంటే వాళ్ల చేతి దెబ్బ మేలు. కావేరి వరద వచ్చినప్పుడు స్నానాలు ఆపేస్తారు, అప్పుడు వాళ్ల పొయ్యి కూడా ఆగుతుంది. అక్కడ చెడింది వ్యాపారం వల్ల కాదు. వ్యాపారానికి గీత గీసేవాడు లేకపోవడం వల్ల. సబ్బు వాడొచ్చా లేదా, చెత్త ఎక్కడ వేయాలి, ఆడవాళ్లు ఎక్కడ బట్టలు మార్చుకోవాలి అనే మూడు ప్రశ్నలకు కచ్చితమైన జవాబు ఉన్నచోట దుకాణాలున్నా కొండ పోదు. టకావో పాదం దగ్గర దుకాణాలు బోలెడు.

ఆ మూడు ప్రశ్నల్లో ఆఖరిదే నా వాదనకు మూలం. మన తీర్థాల్లో చాలాచోట్ల మగవాడు పంచె బిగించి ధార కిందికి దూకేస్తాడు, పది నిమిషాల్లో ఆరిపోతాడు. ఆడవాళ్లు చీరతో తడిసి, తడిచీర బరువుతో మెట్లు దిగి, ఇద్దరు చీర అడ్డం పట్టుకుంటే మూడో ఆమె దాని చాటున బట్టలు మార్చుకుంటుంది. ఈ దృశ్యం మనకు ఎంత అలవాటైపోయిందంటే దాన్ని సంప్రదాయం అనుకుంటున్నాం. అది సంప్రదాయం కాదు, గోడ లేకపోవడం. నాలుగు గోడలు, ఒక గడియ, గోడకు రెండు కొక్కేలు, నీళ్లు పోవడానికి ఒక తూము ఉంటే తీరిపోయే కష్టం అది. కొండెక్కే ఆడవాళ్లలో సగం మంది ధార దగ్గర అరచేత్తో నీళ్లు నెత్తిన చల్లుకుని సరిపెట్టుకోవడం భక్తి తగ్గి కాదు. దీనికి దేవాదాయశాఖ పెద్ద ప్రణాళికలు వేయనక్కరలేదు. రోప్‌వే గురించి మాట్లాడే ముందు గడియ గురించి మాట్లాడితే చాలు.

జపాన్‌ను నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు. వాళ్ల నియమాలు పనిచేస్తాయి, కానీ ఆ నియమాలే గోడలుగా మారిన సందర్భాలూ ఉన్నాయి. హొక్కైదోలోని ఒతారులో ఒక స్నానశాల విదేశీయుల్ని లోపలికి రానివ్వకపోతే విషయం కోర్టుకెక్కింది. అది జాతివివక్షేనని 2002లో సప్పోరో న్యాయస్థానం తేల్చి నష్టపరిహారం కట్టమంది. పచ్చబొట్టు ఉన్నవాళ్లను చాలా స్నానశాలలు ఇప్పటికీ రానివ్వవు. 2013లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఒక మావోరీ మహిళను, ముఖం మీది తెగ ఆచారపు పచ్చబొట్టు కారణంగా, వెనక్కి పంపిన సంగతి పత్రికలకెక్కింది. మన అమ్మమ్మలు ఎవరైనా చేతులనిండా పచ్చబొట్లతో అక్కడికి పోతే గుమ్మం దగ్గరే ఆగేవాళ్లు. కొండల మీద ఆడవాళ్లకు ఉన్న నిషేధాన్ని 1872లో మెయిజీ ప్రభుత్వం ఎత్తేసినా, నారా దగ్గర ఒమినె కొండ శిఖరానికి ఈనాటికీ ఆడవాళ్లను పోనివ్వరు, యునెస్కో జాబితాలో ఉన్నా సరే. మన వైపు చూసుకుంటే ఈ విషయంలో గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. గుడి మెట్లూ కోనేరు మెట్లూ అందరివీ కాకుండా పోయిన కాలం మరీ పాతది కాదు. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశానికి పూర్తి చట్టం వచ్చింది 1947లో. తీర్థమలైలో ఇవాళ ధార కింద నిలబడేవాడిని నీదే కులమని ఎవరూ అడగరు. నీళ్లు ఒకరి భుజం మీంచి ఇంకొకరి మీద చిందుతాయి. చట్టం చేసిన పనిని అక్కడ బండ రోజూ చేస్తోంది. పచ్చబొట్టూ అడ్డం కాదు, జేబులో డబ్బు లేకపోయినా అడ్డం కాదు. ఈ ఒక్క విషయంలో తీర్థమలై టకావో కంటే మెరుగు, దాన్ని ఏ ఏర్పాటు పేరుతోనూ పోగొట్టుకోకూడదు. గోడ కట్టాల్సింది బట్టలు మార్చుకునేచోట, ధార చుట్టూ కాదు.

ఇంకో తేడా ఉంది, దాన్ని తేడాగానే ఉంచాలి. టకావోలో నీళ్లు కింద ఉన్నాయి, స్నానంతో పూట ముగుస్తుంది. తీర్థమలైలో నీళ్లు పైన ఉన్నాయి, స్నానం తర్వాత ఇంకా దిగాల్సింది ఉంది. ఒళ్లు తేలికపడ్డాక దిగే మెట్లు ఎక్కిన మెట్లలా అనిపించవు గానీ, మోకాళ్ల మాట వేరు. రాతిమెట్లు ఎక్కడానికి దయ చూపిస్తాయి, దిగడానికి చూపించవు. కొండదారులన్నింటికీ మెట్లు కట్టేయాలనే మన పుణ్యాత్ముల ఉత్సాహం మీద నాకు సదభిప్రాయం లేదు. వేళ్లు తేలిన మట్టిదారి మోకాళ్లకు మేలు, దానికి పక్కన ఒక చేతికర్ర చాలు. కోతుల సంగతి కూడా చెప్పాలి. ఆ కొండ మీద సంచి పట్టుకుని నడిచేవాడు ఆ సంచి తనదేనన్న భ్రమ వదులుకోవాలి. అరటిపళ్లు పైకి మోయడం వాటికి సేవ చేయడమే. తడి ఆరాక, కిందికి వచ్చాక వేసే ఆకలి వేరే రకం. జపాన్‌లో స్నానం తర్వాత గాజుసీసాలో చల్లటి పాలు తాగడం ఒక పద్ధతి. ఈ నేల పంట రాగి. వేడి రాగి సంకటి, ఆకుకూర పులుసు ఈ పూటకు ఎంత అతుకుతాయో రాయడానికి కూర్చుంటే ఇంకో వ్యాసం అవుతుంది. కొండ పాదంలో ఆ సంకటి వండిపెట్టే ఒక్క పూటకూళ్లిల్లు నడిస్తే, నగరం నుంచి వచ్చేవాడు పరోటా, నూడుల్స్ తిని పోయే దుస్థితి తప్పుతుంది.

వెళ్లదలచినవాళ్లు ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి. కొండ అప్పటికి నీళ్లు తాగి ఉంటుంది, ధార లావుగా పడుతుంది, మెట్లు కాలవు. పొడిబట్టలు ఒక జత, తడిబట్టలకు ఒక గుడ్డసంచి తీసుకెళ్లండి. షాంపూ ప్యాకెట్లు, సబ్బులు చెట్టికరైలోనే వదిలేయండి. పైన రామతీర్థంలో కలిసిన నురగ కిందివాళ్లు దోసిట పట్టే నీళ్లలోకే పోతుంది.